ఎక్స్‌రే చదివే యంత్రం ఏమి నేర్చుకుంది?

సభకు నమస్కారం.

వైద్య చిత్రాలను చదవడంలో కృత్రిమ మేధ ఎంతవరకు వచ్చిందో చెప్పమని నన్ను అడిగారు. ఈ విషయం చర్చకు వచ్చిన ప్రతిచోటా మొదట వినిపించే ప్రశ్న, యంత్రం రేడియాలజిస్టు, అంటే ఈ చిత్రాలను చదివే నిపుణ వైద్యుడి కన్నా బాగా చదువుతుందా అన్నది. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, దానికన్నా ముందే తేలవలసిన మరో ప్రశ్నను మీ ముందు ఉంచుతాను. యంత్రం ఒక ఎక్స్‌రేను చూసి సరైన జవాబు చెప్పినప్పుడు, ఆ బొమ్మలో దేన్ని చూసి ఆ జవాబు చెప్పింది? ఈ సంగతి తేలకుండా యంత్రానికి వచ్చిన మార్కులను నమ్మితే నష్టపోయేది రోగి. అలా ఎందుకు అంటున్నానో వివరించడానికే ఈ సమయాన్ని వాడుకుంటాను.

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌ కిరణాలను కనుగొన్న నాటి నుంచి డెబ్బై ఐదేళ్ల పాటు వైద్యులు చదివింది ప్రధానంగా ఫిల్ము మీద పడిన నీడలనే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలి రోగికి సీటీ స్కాన్ తీశారు. ఆ రోజు నుంచి బొమ్మ స్వభావమే మారిపోయింది. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముకకు కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా. ఇన్ని వేల అంతరాలను మనిషి కన్ను ఒకేసారి పట్టలేదు కాబట్టి, ఊపిరితిత్తులకు ఒక విండో (తెర మీద చూపే సంఖ్యల పరిధి), ఎముకలకు ఒక విండో, మెదడుకు మరొకటి మార్చుకుంటూ చూస్తాం. యంత్రానికి ఆ ఇబ్బంది లేదు, అది నేరుగా సంఖ్యలనే చదవగలదు. వైద్యంలోని ఇతర శాఖల కన్నా ముందే కృత్రిమ మేధ రేడియాలజీలోకి రావడానికి ఇదొక ముఖ్య కారణం. నేర్చుకోవడానికి కావలసిన సామగ్రి అంతా అంకెల రూపంలో, డైకామ్ అనే ఒకే ప్రమాణంలో, ఏళ్ల తరబడి ఆసుపత్రులు బొమ్మలను దాచే పాక్స్ సర్వర్లలో అప్పటికే నిల్వ ఉంది. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతించిన కృత్రిమ మేధ వైద్య పరికరాల సంఖ్య ఇప్పటికే వెయ్యి దాటగా, వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు రేడియాలజీకి చెందినవే.

సంఖ్యలను చదవగలదు కాబట్టి యంత్రానికి అన్నీ కనిపిస్తాయని అనుకోవడం మాత్రం తొందరపాటు. డిజిటల్ ఛాతీ ఎక్స్‌రే సాధారణంగా రెండు వేలకు పైగా చుక్కల వెడల్పు ఉంటుంది. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చేసిన, ఎంతో పేరు పొందిన చెక్స్‌నెట్ అనే కృత్రిమ మేధ నమూనా (మోడల్) ఆ బొమ్మను 224 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తుకు కుదించి చదివింది. 35 సెంటీమీటర్ల ఛాతీని 224 గళ్లలో సర్దితే ఒక్కో గడి ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. అటువంటి బొమ్మలో గుండె పెద్దదైందో లేదో బాగానే తెలుస్తుంది కాని, పక్కటెముకలో వెంట్రుకవాసి పగులు, ఊపిరితిత్తిలో చిన్న నాడ్యూల్ (గుండ్రని మచ్చ) ఆ కుదింపులోనే మాయమైపోవచ్చు. ఇప్పటి నమూనాలు చాలావరకు ఇంతకన్నా పెద్ద బొమ్మలనే తీసుకుంటున్నాయి. అయినా ఏ ఉత్పత్తిని కొనాలన్నా, బొమ్మ లోపలికి వెళ్లేటప్పుడు ఎంత కుదించుకుపోతుందన్న ప్రశ్న అడగవలసినదే.

ఇక నేర్చుకునే పద్ధతి దగ్గరకు వద్దాం. 2012లో, ఫొటోలలో ఏముందో కంప్యూటర్లు గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో లోతైన న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి తానే నేర్చుకునే ప్రోగ్రామ్, పెద్ద తేడాతో గెలిచిన తరువాత, అదే పద్ధతిని వైద్య చిత్రాలకు వర్తింపజేయాలన్న ఉత్సాహం ప్రపంచమంతా వ్యాపించింది. దానికి లక్షల బొమ్మలు, ప్రతి బొమ్మకు సరైన జవాబు కావాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2017లో 30,805 మంది రోగులకు చెందిన 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలను, 14 రకాల గుర్తింపులతో సహా అందరికీ అందుబాటులో ఉంచింది. పరిశోధనకు అది చేసిన మేలు చాలా పెద్దది. అయితే ఆ గుర్తింపులు ఎలా వచ్చాయో మీరు గమనించాలి. ఏ వైద్యుడూ కూర్చుని లక్ష బొమ్మలను మళ్లీ చూసి జవాబులు రాయలేదు. ఎప్పుడో రాసి ఉన్న రిపోర్టులలోని వాక్యాలను మరో ప్రోగ్రామ్ చదివి, ఇందులో నిమ్ము ఉంది, ఇందులో లేదు అని విడదీసింది.

రిపోర్టు ఎలా రాస్తామో ఈ సభలో ఉన్న రేడియాలజిస్టులకు నేను చెప్పనవసరం లేదు. మిగిలినవారి కోసం చెబుతాను. రోగికి మూడు రోజులుగా జ్వరం, దగ్గు అని చీటీ మీద రాసి వస్తే, ఊపిరితిత్తి కింది భాగంలో కనిపించే తెల్లని మసకను నిమ్ముగా భావిస్తాం. అదే మసక శస్త్రచికిత్స మరుసటి రోజు కనిపిస్తే ఊపిరితిత్తిలో ఆ భాగం గాలి లేక ముడుచుకుపోయిందని రాస్తాం. బొమ్మ ఒకటే, జవాబులు రెండు, రెండూ న్యాయమైనవే. ఎందుకంటే ఆ జవాబు బొమ్మ నుంచి మాత్రమే రాలేదు, రోగి చరిత్ర నుంచి కూడా వచ్చింది. పాత ఎక్స్‌రేలో ఉన్న మార్పే మళ్లీ కనిపిస్తే ‘మునుపటి వలెనే ఉంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం, దాని పేరు కూడా ఎత్తం. ‘నిమ్మును తోసిపుచ్చలేం’ అని సందేహంగా రాసే వాక్యాలు మరెన్నో. చదివే వైద్యుడికి అర్థమయ్యే ఈ మాటలన్నిటినీ అవును, కాదు అనే రెండు పెట్టెల్లో సర్దినప్పుడు, యంత్రానికి పాఠంగా అందేది వ్యాధి గురించిన సత్యం కాదు, మన రాత అలవాట్ల సగటు. అందుకే ఒక నమూనా 95 శాతం సరిగా చెప్పిందని ఎవరైనా అన్నప్పుడు, దేనితో పోల్చి సరి అంటున్నారో అడగాలి. రిపోర్టుతోనా, ముగ్గురు నిపుణుల ఏకాభిప్రాయంతోనా, అదే రోగికి తీసిన సీటీతోనా, కణజాలం ముక్క తీసి చేసే బయాప్సీతోనా, లేక రెండేళ్లు ఆగి రోగికి ఏమైందో చూసిన తరువాతనా? ఈ అయిదింటికీ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. ప్రచార పత్రాలలో అది కనిపించదు.

జవాబు సరైనదే అయినా దారి తప్పినది కావచ్చు అనడానికి రేడియాలజీలో బాగా తెలిసిన ఉదాహరణ న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య గాలి చేరడం. ఈ స్థితిని గుర్తించిన తరువాత ఛాతీలోకి గొట్టం వేసి గాలిని బయటకు తీస్తారు. అందువల్ల ఇటువంటి బొమ్మలు పోగుచేస్తే వాటిలో చాలావాటిలో ఆ గొట్టం కూడా ఉంటుంది. నేర్చుకునే యంత్రానికి సన్నని గాలి గీత కన్నా తెల్లగా మెరిసే గొట్టం తేలిక గుర్తు. అది గొట్టాన్ని పట్టుకుని అద్భుతమైన మార్కులు తెచ్చుకోగలదు. కాని గొట్టం ఉన్న రోగికి చికిత్స అప్పటికే మొదలైంది; మనకు యంత్రం సాయం కావలసినది గొట్టం ఇంకా వేయని రోగి విషయంలో, సరిగ్గా అక్కడే అది తడబడుతుంది. మొత్తం సగటు మార్కు చూసినవారికి ఈ లోపం ఎప్పటికీ తెలియదు. గొట్టం లేని బొమ్మలను వేరుచేసి పరీక్షించినవారికే తెలిసింది.

2018లో వెలువడిన మరొక అధ్యయనం దీన్ని ఇంకా స్పష్టంగా చూపింది. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి బొమ్మలలో నిమ్ము ఉన్నవి మూడో వంతుకు పైగా ఉండగా, జాతీయ ఆరోగ్య సంస్థ బొమ్మలలో అవి నూటికి ఒకటి చొప్పున మాత్రమే ఉన్నాయి. రెండింటినీ కలిపి నేర్పిన నెట్‌వర్క్, బొమ్మ ఏ ఆసుపత్రిలో తీసినదో దాదాపు ప్రతిసారీ కనిపెట్టగలిగింది. ఎక్స్‌రే మూలన కుడి ఎడమలను తెలిపే లోహపు గుర్తు, బొమ్మ అంచుల తీరు, మంచం పక్కకే తెచ్చిన పోర్టబుల్ యంత్రంతో తీసినదా కాదా అన్నవే అందుకు చాలు. ఏ ఆసుపత్రో తెలిస్తే నిమ్ము ఉండే అవకాశం ఎంతో సగం తెలిసినట్టే. అదే నెట్‌వర్క్‌ను తానెన్నడూ చూడని మూడో చోటి బొమ్మలతో పరీక్షిస్తే దాని సామర్థ్యం తగ్గిపోయింది.

కోవిడ్ కాలంలో ఈ తప్పు మరింత పెద్ద ఎత్తున జరిగింది. ఛాతీ ఎక్స్‌రే, సీటీలతో కోవిడ్‌ను గుర్తిస్తామన్న పరిశోధనలు 2020లో వెల్లువలా వచ్చాయి. 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 2,212 అధ్యయనాలతో మొదలుపెట్టి, నాణ్యత పరీక్షలో నిలిచిన 62 అధ్యయనాలను లోతుగా పరిశీలించి, వాటిలో ఒక్కటి కూడా చికిత్సలో వాడదగినది కాదని తేల్చింది. కొందరు కోవిడ్ రోగులుగా పెద్దలను, కోవిడ్ లేనివారుగా ఒకటి నుంచి అయిదేళ్ల వయసు పిల్లలను తీసుకున్నారు. అటువంటి యంత్రం నేర్చుకున్నది పిల్లల ఛాతీకి, పెద్దల ఛాతీకి ఉన్న తేడాను. ప్రపంచం అంత ఆపదలో ఉన్నప్పుడు అంత మంది తెలివైనవారి శ్రమ ఇలా వృథా కావడం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. రెండు రోగి వర్గాల వయసులు పోల్చి చూడగల రేడియాలజిస్టు ఒక్కరు ఆ బృందాలలో ఉండి ఉంటే, చాలా పరిశోధనలు మొదటి వారంలోనే సరైన దారికి వచ్చేవి.

మార్కులు బాగున్నప్పటికీ ప్రయోజనం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది, దానికి కూడికలు, తీసివేతలు తెలిస్తే చాలు. వ్యాధి ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 90 శాతాన్ని సరిగా వదిలిపెట్టే పరికరం ఒకటి ఉందనుకుందాం. ఆసుపత్రిలో చేరిన 1000 మందిలో 300 మందికి వ్యాధి ఉంటే, అది 270 మందిని సరిగా పట్టుకుంటుంది, 70 మందిని పొరపాటున పట్టుకుంటుంది. ఉందని చెప్పిన అయిదుగురిలో దాదాపు నలుగురికి నిజంగానే ఉంటుంది. అదే పరికరాన్ని ఏ బాధా లేని 1000 మంది మీద స్క్రీనింగ్‌కు వాడితే, వారిలో 10 మందికే వ్యాధి ఉంటే, 9 మందిని సరిగా, 99 మందిని పొరపాటున పట్టుకుంటుంది. ఉందని చెప్పిన పన్నెండు మందిలో ఒక్కరికే వ్యాధి. పరికరం మారలేదు, అది పనిచేసే చోటు మారింది. మిగిలిన పదకొండు మందికి మళ్లీ స్కానులు, కొందరికి బయాప్సీలు, అందరికీ నిద్ర లేని రాత్రులు.

ఇదంతా ఊహాగానం కాదని మామోగ్రఫీ చరిత్ర చెబుతుంది. రొమ్ము ఎక్స్‌రేలలో అనుమానాస్పద చోట్లను గుర్తుపెట్టే తొలి కంప్యూటర్ పరికరానికి ఎఫ్‌డీఏ 1998లోనే అనుమతి ఇచ్చింది. కొన్నేళ్లలో అది అమెరికా అంతటా వ్యాపించింది, బీమా దానికి అదనపు రుసుము కూడా చెల్లించింది. 2007లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దాని వాడకం వల్ల మొత్తం కచ్చితత్వం తగ్గిందని చూపగా, 2015లో వచ్చిన మరొకటి, ఆ పరికరం ఉన్నా లేకున్నా తేడా లేదని తేల్చింది. అనుమతికీ ఆ తీర్పుకీ మధ్య పదిహేడేళ్లు గడిచాయి. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 2016లో, తరువాతి కాలంలో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం మానుకోవచ్చు, అయిదేళ్లలో యంత్రం వారిని మించిపోతుంది అన్నారు. ఆ గడువు 2021తో తీరిపోయింది. రేడియాలజిస్టుల కొరత నేటికీ అనేక దేశాలను బాధిస్తూనే ఉంది.

అలాగని నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. దానికి స్పష్టమైన, ఇరుకైన పని అప్పగించి, ఫలితాన్ని రోగుల మీద కొలిచిన చోట్ల అది నిజమైన మేలు చేసింది. స్వీడన్‌లో జరిగిన మసాయ్ అనే పరీక్షను చూడండి. అక్కడ ప్రతి మామోగ్రామ్‌ను ఇద్దరు రేడియాలజిస్టులు చదవడం రివాజు. ఈ పరీక్షలో ఎనభై వేల మందికి పైగా మహిళలను లాటరీ పద్ధతిలో రెండుగా విభజించి, ఒక వర్గానికి పాత పద్ధతినే ఉంచారు. రెండో వర్గంలో యంత్రం ప్రతి మామోగ్రామ్‌కు ప్రమాద స్థాయిని అంచనా వేసింది, స్థాయి తక్కువగా ఉన్నవాటిని ఒకరు, ఎక్కువగా ఉన్నవాటిని ఇద్దరు చదివారు. 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వెయ్యి మందికి పాత పద్ధతిలో 5 క్యాన్సర్లు బయటపడితే, కొత్త పద్ధతిలో 6 బయటపడ్డాయి. చదివే పని 44 శాతం తగ్గింది. పొరపాటు అనుమానాలు పెరగలేదు. నాకు ఈ అంకెల కన్నా నచ్చిన విషయం మరొకటి ఉంది. ఈ పరిశోధకులు తమ అసలు కొలమానంగా ముందే నిర్ణయించుకున్నది ఎన్ని క్యాన్సర్లు కనిపించాయన్నది కాదు, ఒక స్క్రీనింగ్‌కూ మరో స్క్రీనింగ్‌కూ మధ్య లక్షణాలతో బయటపడే క్యాన్సర్లు ఎన్ని అన్నది. ఎప్పటికీ హాని చేయని చిన్న గడ్డలను ఎక్కువగా పట్టుకున్నంత మాత్రాన మహిళకు మేలు జరిగినట్టు కాదు, తప్పిపోయి తరువాత బయటపడేవి తగ్గితేనే మేలు.

క్షయ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఛాతీ ఎక్స్‌రే తీయగలిగినా చదివే నిపుణులు లేని ప్రాంతాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. 15 ఏళ్లు, అంతకు పైబడినవారిలో క్షయ స్క్రీనింగ్‌కు మనిషికి బదులు కంప్యూటర్ చదువును వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అక్కడ యంత్రం వ్యాధిని నిర్ధారించదు, కఫ పరీక్ష ఎవరికి చేయాలో చెబుతుంది. తప్పు జరిగినా దాన్ని పట్టుకునే రెండో మెట్టు ఆ పద్ధతిలోనే ఉంది. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్‌లో ఆ అడ్డంకిని అనుమానించి నిపుణుడి ఫోనుకు వెంటనే కబురు పంపే సాఫ్ట్‌వేర్‌కు ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. మామూలు రిపోర్టు దారి దాని పక్కనే యథాతథంగా నడుస్తుంది.

బొమ్మను చదవడమే కాక తయారుచేయడంలో కూడా కృత్రిమ మేధ ప్రవేశించింది. దీని గురించి బయట తక్కువగా మాట్లాడుకుంటారు. ఎమ్మారైలో పూర్తి సంకేతాలను సేకరించడానికి సమయం పడుతుంది, కాబట్టి వాటిలో కొంత భాగమే సేకరించి, మిగిలినది నేర్చుకున్న నమూనాతో పూరించి, స్కాన్ సమయాన్ని బాగా తగ్గిస్తున్నారు. ఊపిరి బిగపట్టలేని రోగికి, కదలకుండా పడుకోలేని పిల్లలకు ఇది వరమే. కాని పూరించినది సాధారణంగా ఎలా ఉంటుందో ఆ లెక్కన వస్తుంది, రోగిలో ఉన్నదేమో అసాధారణమైనది. ఇటువంటి కొన్ని నమూనాలలో చిన్న మార్పులు మసకబారిపోవచ్చని, లేనివి పుట్టుకు రావచ్చని 2020లో ఒక అధ్యయనం చూపింది. చదివే యంత్రం పొరబడితే అసలు బొమ్మను మళ్లీ చూసుకోవచ్చు. బొమ్మలోనే పొరపాటు ఉంటే తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని సేకరించిన ముడి సంకేతాలను కొంతకాలమైనా దాచి ఉంచాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఈ చర్చలో మనిషి కన్ను నిర్దోషి అనడం నా ఉద్దేశం కాదు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఊపిరితిత్తుల సీటీలో నాడ్యూళ్లను వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. చివరి బొమ్మలలో, సగటు నాడ్యూల్ కన్నా 48 రెట్లు పెద్దదైన గొరిల్లా ఆకారాన్ని చొప్పించారు. 20 మంది దాన్ని గమనించలేదు. వారిలో ఎక్కువమంది కళ్లు నేరుగా ఆ చోటు మీదే నిలిచాయని కంటి కదలికల నమోదులో తేలింది. దేనికోసం వెతుకుతున్నామో అదే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ వెతుకులాటను యంత్రమే నిర్దేశిస్తే ఏమవుతుంది? 2023లో రేడియాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 27 మంది వైద్యులకు మామోగ్రామ్‌లతో పాటు యంత్రం సూచనలు కూడా చూపారు, వాటిలో కొన్ని కావాలని తప్పుగా పెట్టినవి. సూచన సరైనదైనప్పుడు సుమారు 80 శాతం సరిగా చదివిన కొత్త వైద్యులు, సూచన తప్పైనప్పుడు 20 శాతమే సరిగా చదివారు. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా 82 నుంచి 45 శాతానికి పడిపోయారు. చివరి నిర్ణయం వైద్యుడిదేనని, కాబట్టి యంత్రం తప్పు చేసినా ఫరవాలేదని చెప్పేవారికి ఈ అంకెలు చూపించాలి.

అన్ని వర్గాల రోగులకూ యంత్రం ఒకేలా పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. ఛాతీ ఎక్స్‌రే నమూనాలు పేద రోగులలో, నల్లజాతి రోగులలో, మహిళలలో వ్యాధిని లేదని చెప్పే పొరపాటు ఎక్కువగా చేశాయని అమెరికా సమాచారం మీద చేసిన ఒక అధ్యయనం 2021లో తెలిపింది. మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన ఇంకా ఆలోచింపజేసేది: ఏ రేడియాలజిస్టూ ఎక్స్‌రే చూసి రోగి జాతిని చెప్పలేడు, నెట్‌వర్క్ చెప్పగలుగుతోంది, ఎలా చెబుతోందో దాన్ని చేసినవారికే పూర్తిగా తెలియడం లేదు. చర్మం రంగు కనిపించని బొమ్మ కాబట్టి వివక్షకు తావు లేదన్న నమ్మకం దీనితో పోయింది.

కాబట్టి ఏ ఆసుపత్రి అయినా ఇటువంటి పరికరాన్ని తెచ్చుకునే ముందు, తమ దగ్గరి పాత బొమ్మలలో, రోగికి చివరికి ఏమైందో తెలిసినవాటిని కొన్ని వందలు తీసి, వయసు, స్త్రీ పురుష భేదం, వాడిన యంత్రం వారీగా విడదీసి పరీక్షించాలి. ఎక్స్‌రే యంత్రం మారినప్పుడు, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ పరీక్ష మళ్లీ చేయాలి.

శిక్షణలో ఉన్న యువ వైద్యుల విషయంలో నా కోరిక మరింత నిర్దిష్టమైనది. వారు ముందు బొమ్మను తామే చదివి, తమ అభిప్రాయాన్ని రాసి, ఆ తరువాతే యంత్రం గుర్తును తెరవాలి. ఇద్దరి మాట కలవని ప్రతి కేసును ఒక పుస్తకంలో నమోదు చేసి, సీటీ గాని బయాప్సీ గాని వచ్చాక నెలకొకసారి అందరూ కూర్చుని చూడాలి. ఏ రకం బొమ్మలలో యంత్రం తప్పుతోంది, ఏ రకం బొమ్మలలో మనం తప్పుతున్నాం, ఆ తప్పులు ఒకే చోట పడుతున్నాయా, వేర్వేరు చోట్లనా అన్నది ఆ పుస్తకం నుంచే తెలుస్తుంది. ఒకే చోట పడుతుంటే ఆ పరికరం మనకు కొత్తగా ఇచ్చే రక్షణ ఏమీ లేదు. వేర్వేరు చోట్ల పడుతుంటే, ఎక్కడ దాని మాట వినాలో, ఎక్కడ మన మాట మీద నిలబడాలో ఆ విభాగానికి ఆధారంతో సహా తెలుస్తుంది.